సోలార్ పెట్టే ముందు కరెంటు బిల్లు చదవండి

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. కోనసీమలోని మా ఊళ్లో ఆ సాయంత్రమే కరెంటు పోయింది. రెండో రోజుకి గాలి తగ్గి ఎండ పొడ కనిపించగానే పక్కింటి కుర్రాడు నాలుగు ఫోన్లు పట్టుకుని వచ్చాడు. "బాబాయ్‌గారూ, మీకు మేడ మీద సోలార్ ఉంది కదండీ, కాస్త ఛార్జింగ్ పెట్టుకుంటామండీ" అన్నాడు. నాలుగు పలకలు పైన ఎండలో మెరుస్తున్నాయి. కింద ఇంట్లో ఒక్క బల్బు వెలగడం లేదు. ఆ సంగతి వాడికి చెప్పడానికి నాకే సిగ్గేసింది. లక్ష రూపాయలు దాటించి ఖర్చు పెట్టినవాడికి అంతకుముందు ఆర్నెల్లలో ఈ మాట ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు ఊరూరా తిరిగి అమ్ముతున్నవి దాదాపు అన్నీ 'ఆన్ గ్రిడ్' సోలార్లు. అంటే ఇంటి పలకలు వీధి లైనుతో కలిసి పనిచేస్తాయి. లైనులో కరెంటు ఉంటేనే ఇన్వర్టర్ నడుస్తుంది, పోతే అదీ ఆగిపోతుంది. ఇది లోపం కాదు, కావాలనే అలా చేశారు. స్తంభం మీద లైన్‌మన్ తీగ పట్టుకుని ఉన్నప్పుడు మన మేడ మీద నుంచి కరెంటు వెనక్కి వెళితే అతని ప్రాణం పోతుంది. కారణం సబబైనదే. కానీ తుపాన్ల సీమలో ఈ ముక్క చెప్పకుండా "ఇక జీవితాంతం కరెంటు బాధ లేదు" అని అమ్మడం మాత్రం మోసమే. కరెంటు పోయినా వెలగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి బ్యాటరీ కావాలి. బ్యాటరీకి కేంద్రం సబ్సిడీ లేదు.

నేను సోలార్‌కి వ్యతిరేకిని కాను. మన సంఘంలో కొందరు మిత్రులు "ఇదంతా పంపుసెట్ల ఉచిత కరెంటు ఎత్తేయడానికి వేస్తున్న మొదటి మెట్టు" అంటున్నారు. మోటార్లకు మీటర్ల విషయంలో మన పోరాటం మనం చేస్తూనే ఉన్నాం, చేస్తాం. కానీ ఆ అనుమానంతో ఇంటి మీది పలకను కూడా శత్రువుగా చూడక్కర్లేదు. నా అభ్యంతరం వేరు. ఎవరికి లాభమో చూడకుండా అందరి చేతా అప్పు చేయిస్తున్నారు.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకానికి కేంద్రం 75,021 కోట్ల రూపాయలు కేటాయించింది. కోటి ఇళ్లు లక్ష్యం. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ. ఆపైన ఎంత పెట్టుకున్నా 78,000 దాటదు. పథకం పేరులోనే 'ముఫ్త్ బిజిలీ' అని ఉంది, నెలకు 300 యూనిట్లు ఉచితం అని ప్రచారం. ఆ 300 యూనిట్లు ప్రభుత్వం ఇచ్చేవి కావు. మన డబ్బుతో, మన మేడ మీద, మనం తయారు చేసుకునేవి. ఉచితమన్న మాట విని మా ఊళ్లో ఒక కౌలు రైతు ఏం చేశాడో చెబుతాను.

ఆయనకు సొంత పొలం లేదు. నాలుగెకరాలు కౌలుకు చేస్తాడు, కాలనీలో చిన్న డాబా ఉంది. రెండు ఫ్యాన్లు, టీవీ, చిన్న ఫ్రిజ్. నెలకు 90 యూనిట్లు కాలుతుంది. మన టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75. ఆ లెక్కన ఆయన యూనిట్ల ఛార్జీ సుమారు 260 రూపాయలు. ఏజెంటు ఆయనతో 3 కిలోవాట్లు పెట్టించాడు. ధర 2 లక్షలు, సబ్సిడీ పోగా 1,22,000 అప్పు. పదేళ్లకు, 7 శాతం వడ్డీకి వాయిదా నెలకు 1,416. 260 కట్టే మనిషి ఇప్పుడు 1,416 కడుతున్నాడు. "మిగిలిన యూనిట్లు కొంటారు కదా" అన్నాడట ఏజెంటు. కొంటారు. కానీ మిగులుకు ఇచ్చే ధర పై స్లాబుల్లో మనం కొనే ధర కంటే తక్కువ, అదీ నెలనెలా చేతికి రాదు. 270 యూనిట్లు మిగిలి, యూనిట్‌కు 2 రూపాయలు వచ్చిందనుకున్నా 540. అప్పటికీ నెలకు 600 పైచిలుకు చేతి నుంచి పడుతుంది. సార్వా మునిగిన ఏడాది ఆ 600 ఎక్కడి నుంచి తెస్తాడు?

కాబట్టి మేడ ఎక్కి కొలతలు తీసే ముందు పన్నెండు నెలల బిల్లులు ముందేసుకుని కూర్చోండి. 1 కిలోవాట్ మన ప్రాంతంలో రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 ఇస్తుంది. ముసురు పట్టిన నెలల్లో తగ్గుతుంది, వేసవిలో కాస్త పెరుగుతుంది. నెలకు 120 యూనిట్లు వాడే ఇంటికి యూనిట్ల ఛార్జీ 395 లోపే. ఆ ఇంటికి 1 కిలోవాట్ 70,000కి పెట్టి, సబ్సిడీ పోగా 40,000 అప్పు తీసుకుంటే వాయిదా 464. బిల్లు కంటే వాయిదా ఎక్కువ. అదే 250 యూనిట్లు వాడే ఇంటికి ఛార్జీ 1,236 అవుతుంది. అక్కడ 2 కిలోవాట్లు 1,35,000కి పెట్టి, 60,000 సబ్సిడీ పోగా 75,000 అప్పు చేస్తే వాయిదా 871, తగ్గే బిల్లు 1,200 దాకా. మొదటి నెల నుంచే మిగులు. అసలు ఆదా అంతా 6 రూపాయలు, 8.75 పడే పై స్లాబుల్లోనే ఉంది. నా మాటగా చెప్పాలంటే, 200 యూనిట్ల లోపు వాడే ఇల్లు అప్పు చేసి సోలార్ పెట్టనక్కర్లేదు. చేతిలో డబ్బుండి పెట్టుకుంటే అది వేరే సంగతి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తున్న మిత్రులకైతే ఈ అప్పుతో ఒక్క రూపాయి కూడా మిగలదు.

అలాంటి ఇళ్లు ముందు ఫ్యాన్లు మార్చుకోవడం మేలు. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. మూడు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగే ఇంట్లో నెలకు 48 యూనిట్లు తగ్గుతాయి. మూడింటికీ పెట్టే ఖర్చు పదివేల లోపే. ఈ సలహా ఇచ్చే ఏజెంటు నాకింతవరకు కనిపించలేదు.

ఇక పెట్టుకోవాలని లెక్క తేలినవారి సంగతి. ధర దగ్గరే మొదలెడదాం. సబ్సిడీ లెక్క కట్టేటప్పుడు కేంద్రం కిలోవాట్ ధరను 50,000గా తీసుకుని దాని మీద 60 శాతం ఇస్తోంది. మా దగ్గర డీలర్లు చెప్పేది 65,000 నుంచి 75,000. ఎత్తు స్టాండు, పొడవు కేబులు అని కారణాలు చెబుతారు, కొన్ని నిజమే. కానీ 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పలకల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు మీ కొటేషన్‌లో ఎక్కడుందో అడగండి. కనీసం ముగ్గురి దగ్గర కాగితం మీద కొటేషన్ తీసుకోండి. కాగితం ఇవ్వనివాడితో బేరమే వద్దు.

సబ్సిడీ కావాలంటే పలకలు డీసీఆర్ రకం అయి ఉండాలి, అంటే లోపలి సెల్ కూడా మన దేశంలో తయారైనది. చౌకగా దొరికే ఇతర పలకలు పెట్టి, తర్వాత సబ్సిడీ రాలేదని నెత్తీనోరూ కొట్టుకున్న ఇళ్లున్నాయి. అమ్మే సంస్థ పేరు పథకం పోర్టల్‌లో నమోదై ఉందో లేదో మీ పిల్లల చేత ఫోన్‌లో చూపించుకోండి. సబ్సిడీ నెట్ మీటర్ పెట్టి తనిఖీ అయ్యాక మీ ఖాతాలోనే పడుతుంది, డీలర్ ఖాతాలో కాదు. పలకల వెనక అంటించిన చీటీలో వాట్లు, మోడల్, సీరియల్ నంబరు ఉంటాయి. పైకి ఎక్కించకముందే వాటిని ఫోటో తీసి బిల్లులోని నంబర్లతో సరిచూడండి. పైకి ఎక్కాక ఆ చీటీ చూడాలంటే స్టాండు కింద పడుకోవాలి, నేను పడుకుని చూశాను.

మీటరు ఎవరి పేరున ఉందో కూడా ఇప్పుడే చూసుకోండి. మన పల్లెల్లో సగం మీటర్లు కాలం చేసిన తండ్రుల పేరునే ఉన్నాయి. దరఖాస్తుదారు పేరు, మీటరు పేరు ఒకటి కాకపోతే అక్కడే ఆగిపోతుంది. పేరు మార్పిడి ముందు చేయించుకోవాలి.

పలక కంటే స్టాండు గురించే నేను ఎక్కువ బెంగ పెట్టుకుంటాను. పలకకు పాతికేళ్ల వరకు ఉత్పత్తి గ్యారంటీ ఇస్తారు. ఉప్పుగాలికి తుప్పు పట్టే స్టాండుకు ఎవరిస్తారు? మా తీరంలో మామూలు ఇనుముకు రంగు వేసి నిలబెడితే మూడేళ్లలో పొరలు ఊడతాయి. వేడి జింకులో ముంచిన గాల్వనైజ్డ్ గొట్టాలు, స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు అని కొటేషన్‌లో రాయించుకోండి. కాళ్లను మేడ మీద ఊరికే సిమెంటు దిమ్మలో నిలబెట్టి పోకూడదు, శ్లాబులోకి యాంకర్ బోల్టులు దింపాలి. గదిలా కింద నీడ వస్తుందని పదడుగుల ఎత్తు స్టాండు అడిగేవారున్నారు. తీరం నుంచి ముప్పై కిలోమీటర్ల లోపు ఉన్నవారు ఆ సరదా మానుకోవాలి. ఎత్తు పెరిగిన కొద్దీ గాలి పట్టు పెరుగుతుంది, ఒక్కో పలక పాతిక కిలోలకు పైనే బరువుంటుంది. అది ఎగిరితే పక్కవాడి పెంకుల మీద పడుతుంది.

తర్వాత నీడ. ఇక్కడ నా అనుభవం చెప్పుకోక తప్పదు. బిగించడానికి వచ్చిన కుర్రాళ్లు రెండు పలకలను పడమటి పిట్టగోడ పక్కన పెట్టారు. మధ్యాహ్నం పన్నెండుకి వచ్చారు కాబట్టి వాళ్లకు నీడ కనిపించలేదు. మూడింటికి మా కొబ్బరి చెట్టు నీడ వాటి మీద పడుతుంది. పలకలన్నీ ఒకే వరసలో కలిపి ఉంటాయి కనుక ఒకదాని మీద పడ్డ మట్ట నీడ తక్కినవాటి పనినీ దెబ్బతీస్తుంది. రోజుకు 8 యూనిట్లు రావలసింది 6 కూడా రాలేదు. డీలర్ "చెట్టు కొట్టేయండి సార్" అన్నాడు. కోనసీమలో కాపుమీదున్న కొబ్బరి చెట్టును కొట్టమనే మనిషికి ఏం చెబుతాం? 4,000 ఖర్చు పెట్టి పలకల్నే జరిపించాను. మీరు ముందే ఒక పూట ఉదయం తొమ్మిదికి, పన్నెండుకి, మూడున్నరకి మేడ ఎక్కి ముగ్గుపిండితో నీడ గీత గీసుకోండి. శీతాకాలంలో నీడ ఇంకా పొడుగు సాగుతుందని గుర్తుంచుకోండి. పలకల ముఖం దక్షిణానికి ఉండాలి, వాలు మన అక్షాంశానికి దగ్గరగా 15 డిగ్రీల చుట్టూ ఉంటే చాలు. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడ లేని జాగా పడుతుంది.

ఎర్తింగ్ గుంతలు మూడు తీయించండి. పలకల వైపు ఒకటి, ఇన్వర్టర్ వైపు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. ఒక్క గుంతలో మూడు తీగలు దింపి వెళ్లిపోయేవారున్నారు. తవ్వే రోజున ఇంటి దగ్గరుండండి.

నిర్వహణ విషయంలో ఎక్కువ చెప్పేదేం లేదు, చేస్తే సరిపోతుంది. కోత మిషన్లు తిరిగే రోజుల్లో గడ్డి దుమ్ము, ఎండాకాలంలో రోడ్డు దుమ్ము, ఏడాది పొడుగునా కాకి రెట్టలు. వానల్లేని నెలల్లో పదిహేను రోజులకోసారి కడగాలి. తెల్లవారుజామున గానీ పొద్దు వాలాక గానీ కడగండి. మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చల్లనీళ్లు కొడితే పగిలే ప్రమాదం ఉంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆరాక తెల్ల పొర కట్టి దుమ్ము కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది, వాన నీళ్లో కాలవ నీళ్లు వడగట్టో వాడండి. సబ్బు పొడి వద్దు, గరుకు పీచు వద్దు, పొడుగు కర్రకు మెత్తటి గుడ్డ చాలు. పలక మీద కాలు పెట్టకూడదు. పైకి ఏమీ కనిపించకపోయినా లోపల సెల్ చిట్లుతుంది. ఎండిన రెట్టను వదిలేస్తే ఆ చోట సెల్ వేడెక్కి మచ్చ పడుతుంది.

గోడకు ఒక కాలెండరు తగిలించి రోజూ సాయంత్రం ఇన్వర్టర్ మీద చూపించే యూనిట్లు రాయండి. మా ఇంట్లో ఈ పని మా కోడలు చేస్తుంది. నీడ సంగతి పట్టుకున్నది ఆమే, నేను కాదు. మబ్బు లేని రోజున 2 కిలోవాట్లకు 6 యూనిట్ల లోపు వరసగా వారం వస్తే ఏదో తేడా ఉన్నట్టే. అప్పుడు డీలర్‌కు ఫోన్ చేయండి. అయిదేళ్లపాటు నిర్వహణ బాధ్యత అమ్మినవాడిదేనని పథకం నిబంధన. ఫోన్ ఎత్తకపోతే రాతపూర్వకంగా పంపండి, ఆ కాపీ దాచుకోండి.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు స్టాండు బోల్టులు బిగించి, ఇన్వర్టర్ పక్కనున్న రెండు స్విచ్చులూ దించేయండి. పలకల కింది ప్లగ్గులు మాత్రం ఎండలో చేత్తో లాగొద్దు, నిప్పురవ్వలు లేస్తాయి. నీళ్లు వచ్చి ఇన్వర్టర్ తడిస్తే వైర్‌మన్ వచ్చేదాకా ముట్టుకోవద్దు.

ఇంతా చెప్పాక కూడా ఒక మాట మిగిలిపోతోంది. పైన రాసినదంతా మేడ ఉన్నవాడికి. సిమెంటు రేకుల కింద, తాటాకు కింద, అద్దె ఇంట్లో ఉండే కౌలు రైతుకు, కూలీకి ఈ 75 వేల కోట్లలో వాటా ఏది? ఏసీలు రెండున్నవాడికి 78,000 సబ్సిడీ, ఒక్క ఫ్యానున్నవాడికి సున్నా. తుపాను రాత్రి ముందుగా చీకటి పడేది ఆ ఒక్క ఫ్యాను ఇంట్లోనే. అలాంటి ఇంటికి పెద్ద సిస్టమ్ అక్కర్లేదు. 200 వాట్ల పలక ఒకటి, 100 ఏహెచ్ బ్యాటరీ ఒకటి ఉంటే నాలుగు బల్బులు, రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు అయిదారు గంటలు నడుస్తాయి, ఫోన్లు ఛార్జ్ అవుతాయి. వీధి లైనుతో పని లేదు, ఇల్లు మారితే వెంట తీసుకుపోవచ్చు. దీనికి సబ్సిడీ ఇస్తే అది పేదవాడి సోలార్ అవుతుంది.

ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్లు ఉచితంగా పెడతామని, బీసీలకు కేంద్రం ఇచ్చే 60,000కు మరో 20,000 కలుపుతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే. కానీ ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఇప్పటికే 200 యూనిట్ల ఉచితం ఉంది. పలక పెట్టాక ఆ రాయితీ కొనసాగుతుందా, పలక పాడైన నెలలో బిల్లు ఎవరు కడతారు, అయిదేళ్ల తర్వాత మరమ్మతు ఎవరిది, ఈ మూడింటికీ కాగితం మీద జవాబు కావాలి. గ్రామసభలో అడిగి మినిట్స్‌లో రాయించాలి.

మండల కమిటీల ముందు నేను పెడుతున్న ప్రతిపాదనలు ఇవి. తీర మండలాల్లో బ్యాటరీకి, చిన్న పలకల సెట్టుకు సబ్సిడీ ఇవ్వాలి. సహకార సొసైటీల ద్వారా ఊరుమ్మడిగా టెండరు పిలిచి కొనాలి. యాభై ఇళ్లు కలిసి అడిగితే డీలర్ చెప్పే ధర, ఒక్క ఇల్లు అడిగితే చెప్పే ధర ఒకటి కావు. మండలానికి ఇద్దరు ఐటీఐ కుర్రాళ్లకు మరమ్మతు శిక్షణ ఇప్పించాలి. అధిక సామర్థ్యం అంటగట్టిన ఏజెంట్ల మీద ఫిర్యాదులు తీసుకోవాలి.

మా కౌలు రైతు విషయంలో బ్యాంకు మేనేజరును కలిశాం. వాయిదా గడువు పెంచడానికి వీలుందేమో చూస్తామన్నారు, ఇంకా తేల్చలేదు. వచ్చే నెల మండల సమావేశానికి వచ్చేవారు పన్నెండు నెలల కరెంటు బిల్లులు, కొటేషన్లు ఉంటే అవి కూడా తెచ్చుకోండి. మా కోడలు, నేను లెక్క కట్టి పెడతాం.